మూడు రోజులు చాలవు, 140 బొమ్మలు ఎక్కువ

నమస్తే అమ్మా. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కందుకూరు వైపు స్కూళ్లలో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరైన మీ నాన్నగారికి ఇప్పుడు 78 ఏళ్లు. నలభై ఏళ్లలో వేసిన బొమ్మలు 140 దాకా ఉన్నాయి. నెల్లూరులో ఒక హాలు మూడు రోజులకు మాట్లాడుకున్నారు. బొమ్మల్ని తేదీల వరసలో పెట్టాలా, విషయాన్ని బట్టి పెట్టాలా, ఏ నెల మంచిది, నాన్నగారు మాట్లాడిన 22 నిమిషాల వీడియో కూడా వేయొచ్చా అని అడిగారు. చివర్లో, అదేదో లెక్కలోకి రాని సంగతిలాగా, "క్యాలెండర్ కాగితాల వెనక గీసినవి ఒక అరవై ఉన్నాయి, అవి పక్కన పెట్టేస్తున్నాం" అన్నారు. వాటి సంగతి కిందికి వచ్చాక చెప్తాను. ఈలోగా ఆ కట్టను మాత్రం పాత పేపర్లలో కలవనీయకండి.

నేను ముప్పై ఏళ్లుగా నెల్లూరు, ఒంగోలు, మద్రాసుల మధ్య తిరుగుతూ ఎగ్జిబిషన్లకు బొమ్మలు తగిలించే పని చేశాను. క్యూరేటర్ అనే మాట మన ఊళ్లకు ఈమధ్య వచ్చింది. అప్పట్లో నన్ను "మేకులాయన" అనేవాళ్లు. ఆ మేకులాయన కూడా మొదటి పదేళ్లు మీరు చేస్తున్న తప్పే చేశాడు. హాలులోకి పోగానే టేపు తీసి గోడ కొలవడం, ఎన్ని అడుగులుంటే అన్ని ఫ్రేములు పట్టించడం. చూడ్డానికి వచ్చే మనిషి దగ్గర ఎంతసేపు ఉందో ఎప్పుడూ కొలవలేదు.

న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో జనం ఒక్కో బొమ్మ ముందు ఎంతసేపు నిలబడుతున్నారో ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టి 2001లో అచ్చు వేశారు. సగటున 27 సెకన్లు. సగం చూపులు 17 సెకన్లు కూడా దాటలేదు. వాళ్లే షికాగోలో మళ్లీ చూసి 2017లో అచ్చు వేస్తే సగటు 29 సెకన్ల లోపే వచ్చింది, అందులో సెల్ఫీలు తీసుకున్న టైము కూడా కలిసే ఉంది. ప్రపంచమంతా టికెట్ కొని చూసే బొమ్మల పరిస్థితే అది. ఇప్పుడు మీ లెక్క వేయండి. 140 బొమ్మలు, ఒక్కోదానికి 27 సెకన్లు, అంటే 63 నిమిషాలు. నా అనుభవంలో మన దగ్గర ఎగ్జిబిషన్‌కు వచ్చిన మనిషి ఉండేది ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. అందులోనే రిజిస్టర్‌లో సంతకం, తెలిసినవాళ్లు కనపడితే పలకరింపు, కాఫీ. నూటనలభై పెడితే నలభయ్యో బొమ్మ దగ్గర్నుంచి మనిషి నడక వేగం పెరుగుతుంది. ఎనభై దాటాక తల కూడా తిప్పడు. నేను హాలు మూల కుర్చీ వేసుకుని చాలాసార్లు చూశాను ఇది.

కాబట్టి గోడ మీద ఒకసారికి 35 బొమ్మలు. అంతకు మించి వద్దు. మిగతావి పెట్టకపోతే నాన్నగారు చిన్నబుచ్చుకుంటారని మీ భయం, నాకు అర్థమైంది. దానికే రోజులు పెంచమంటున్నాను. పది రోజులు పెట్టండి. అయిదు రోజులు ఒక 35, ఆరో రోజు పొద్దున మార్చి ఇంకో 35. మిగిలిన డెబ్బైని ఫైళ్లలో పెట్టి బల్ల మీద ఉంచితే, నిజంగా ఆసక్తి ఉన్నవాళ్లు కూర్చుని తిప్పుకుంటారు.

మూడు రోజులు ఎందుకు చాలవో కూడా చెప్పాలి. మొదటి రోజంతా మన చుట్టాలు, మాస్టారి పాత స్టూడెంట్లు, శాలువాలు. ఆ రోజు బొమ్మల్ని ఎవరూ చూడరు, అందరూ మాస్టారిని చూస్తారు. రెండో రోజు పేపర్ జిల్లా ఎడిషన్‌లో చిన్న వార్త వస్తుంది. అది చదివి "రేపు పోదాంలే" అనుకున్నవాడు మూడో రోజు సాయంత్రం బండి వేసుకుని వచ్చేసరికి మనం మేకులు పీకుతుంటాం. జర్మనీలోని కాసెల్‌లో 1955 నుంచి జరుగుతున్న డాక్యుమెంటా అనే పెద్ద కళాప్రదర్శన వంద రోజులు ఉంటుంది, మన పక్కన కేరళలో రెండేళ్లకోసారి అని పెట్టే కళాప్రదర్శన కొచ్చి బినాలే నూట ఎనిమిది రోజుల లెక్కన నడిచింది. వాళ్లతో మనకు పోలిక లేదు, డబ్బూ లేదు. కానీ ఒకరు చూసి, ఇంటికెళ్లి చెప్పి, విన్నవాళ్లు బయల్దేరి రావడానికి పట్టే టైము ఎక్కడైనా ఒకటే. మన ఊళ్లలో అది నాలుగైదు రోజులు.

ఒకసారి ఒంగోలులో ఒక కల్యాణ మండపంలో రెండు రోజులకు పెట్టాం. రెండో రోజు రాత్రి తొమ్మిది దాకా హాలు మాదేనని మాట. ఏడున్నరకే మర్నాటి పెళ్లివాళ్లు వచ్చేశారు. అప్పుడే చూడ్డానికి వచ్చిన ఒక లెక్చరర్ గారు నీటిరంగు బొమ్మ ముందు నిలబడి ఉన్నారు. ఆయన భుజం పక్కనుంచి అరటి బోదెలు మోసుకెళ్తున్నారు, వెనక వంటవాళ్లు గుండిగలు దించుతున్నారు. ఆయన పాపం "ఇంకో అయిదు నిమిషాలు" అని బతిమాలుతున్నట్టు చూశారు. మేం ఆ బొమ్మను ఆయన ముందునుంచే తీసేశాం. దాని మీద ఎవరి చెయ్యి తడిదో పడింది, కింద మూలన ఇప్పటికీ మరక ఉంది. హాలు మాట్లాడుకున్నప్పుడు ముందు రెండు రోజులు, తర్వాత ఒక పూట కూడా కలిపి మాట్లాడుకోండి. తగిలించడానికి ఒక రోజు, లైట్లు సరిచేసుకోవడానికి ఒక రోజు. దీనికి పెద్దవాళ్లకూ మినహాయింపు లేదు. 2012 డిసెంబర్ 12న ఘనంగా మొదలైన కొచ్చి బినాలే, 2022లో అదే తేదీకి తెరవాల్సింది పనులు తెమలక ఆఖరి గంటల్లో వాయిదా పడి 23న జనానికి తెరుచుకుంది.

ఇక నెల సంగతి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వద్దే వద్దు. ఈశాన్య రుతుపవనం మనకే కదా ఎక్కువ. వాయుగుండం పడిందంటే జనం రారు సరే, గాలిలో తేమకు కాగితం అద్దం లోపలే అల అలగా లేస్తుంది. కొత్తగా సున్నమో డిస్టెంపరో వేసిన గోడైతే ఫ్రేము వెనక బూజు కూడా పడుతుంది. మే నెల గురించి నెల్లూరు, ఒంగోలు వాళ్లకు నేను చెప్పేదేముంది. రొట్టెల పండగ రోజులు కూడా చూసుకోండి. అది మొహర్రంతో పాటు ఏటా ముందుకు జరుగుతుంటుంది, ఆ రోజుల్లో దర్గా వైపు, స్వర్ణాల చెరువు వైపు వెళ్లే దారులన్నీ కిక్కిరిసిపోతాయి, బయటి ఊళ్ల వాళ్లకు లాడ్జి గది దొరకదు. నా సలహా సంక్రాంతి అయిన వెంటనే. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు గాబట్టి అది వదిలేసి, ముక్కనుమ తర్వాత తెరవండి. హైదరాబాదు, బెంగళూరు నుంచి వచ్చిన మాస్టారి స్టూడెంట్లలో కొందరు ఇంకా ఊళ్లోనే ఉంటారు. ఇంటర్ పిల్లలకు పరీక్షల టెన్షన్ ఇంకా పూర్తిగా పట్టుకుని ఉండదు.

టైము సాయంత్రం నాలుగున్నర నుంచి తొమ్మిది. పొద్దున పూట స్కూళ్ల వాళ్లు వస్తామంటేనే తెరవండి. ప్రారంభం ఆదివారం సాయంత్రం అయిదుకు అనుకుంటున్నారేమో, ఆగండి. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. నాకు నమ్మకం లేదు, మీకూ లేకపోవచ్చు. కానీ నేను ఒకసారి పిలిచిన ముఖ్య అతిథి కారులోనే ఆరుంబావు దాకా కూర్చున్నారు, మేం వెలిగించని దీపం చుట్టూ గంటన్నర నిలబడ్డాం.

వెలుతురు గురించి కొంచెం ఓపికగా చదవండి, ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే. మీ నాన్నగారివి చాలా వరకు నీటిరంగులు, కొన్ని స్కెచ్ పెన్నులవి అన్నారు. ఇవి వెలుతురు పడే కొద్దీ వెలిసిపోతాయి. స్కెచ్ పెన్నులవి మరీ త్వరగా. మ్యూజియంలలో నీటిరంగుల మీద, బట్టల మీద 50 లక్స్ వెలుతురే పడనిస్తారు. లక్స్ అంటే వెలుతురు కొలత. ఫోన్‌లో యాప్ పెట్టుకుంటే కనీసం ఉజ్జాయింపుగా తెలుస్తుంది. రోజుకు 8 గంటలు 50 లక్స్ అంటే, గంటల్తో గుణిస్తే రోజు మొత్తానికి 400. నడినెత్తి ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. అంటే కిటికీలోంచి ఒక్క గంట నేరుగా ఎండ పడితే మ్యూజియం 250 రోజుల్లో ఖర్చుపెట్టే వెలుతురు మీరు గంటలో ఖర్చుపెట్టేసినట్టు. పోయిన రంగు తిరిగి రాదు. అందుకే పెద్ద మ్యూజియంలు కాగితం మీది బొమ్మను కొన్ని నెలలు చూపించి, తర్వాత ఏళ్ల తరబడి చీకట్లో పెట్టేస్తాయి. కలంకారీ బట్టల్లో కరక్కాయ పసుపు ముందు పోయేదీ ఇందుకే.

ఇది మనకు కొత్తేమీ కాదు. మా అమ్మమ్మ బొమ్మల కొలువు పెట్టేది. ఎర్రచందనం బొమ్మల జంట, మట్టి దశావతారాలు, ఏటికొకటి చొప్పున కొన్న కొత్త బొమ్మ. కొలువైపోయాక ఒక్కోదాన్ని పాత పంచె గుడ్డలో చుట్టి, వేపాకు వేసి, ట్రంకు పెట్టెలో పెట్టి అటక ఎక్కించేది. మధ్యలో చూస్తామని ఎంత ఏడ్చినా తీసేది కాదు. ఏడాదికి తొమ్మిది రోజులే వెలుతురు. ఆ దశావతారాల రంగు నిన్నమొన్నటిలా ఉంది, హాల్లో షోకేసులో ఏళ్ల తరబడి పెట్టిన మా ఇంటి కొండపల్లి ఏనుగు అంబారీ మాత్రం పాలిపోయింది. మీ హాలుకు పడమటి కిటికీలుంటే నల్లగుడ్డ కట్టించండి. బొమ్మ మీదికి నేరుగా ఫోకస్ లైట్లు వద్దు.

వరస గురించి. పుట్టుక నుంచి ఇప్పటి దాకా తేదీలవారీగా పెడితే అది సన్మాన పత్రం చదివినట్టుంటుంది. మొదటి గోడ మీద నేర్చుకునే రోజుల్లోని బలహీనమైన బొమ్మలుంటాయి, చూసేవాడి ఓపికంతా వాటికే ఖర్చవుతుంది. లండన్‌లో టేట్ మోడర్న్ మ్యూజియం 2000లో తెరిచినప్పుడు కాలక్రమాన్ని పక్కనబెట్టి విషయాలవారీగా పెట్టింది. చరిత్ర తెలియకుండా పోతుందని తిట్టినవాళ్లు తిట్టారు, మెచ్చినవాళ్లు మెచ్చారు. నేను మీ విషయంలో రెండూ చెప్పను. మీరే రాశారు కదా, టంగుటూరు దగ్గర ఒకే పొగాకు బ్యారన్‌ను, అంటే ఆకును వేడి పెట్టి ఆరబెట్టే కొట్టాన్ని, నాన్నగారు 1984లో ఒకసారి, 1997లో ఒకసారి, 2011లో ఒకసారి గీశారని. మొదటిదాంట్లో పొగ వస్తోంది, రెండోదాంట్లో రేకులు లేవు, మూడోదాంట్లో గోడ మీద రావి మొలక. ఆ మూడూ పక్కపక్కన, మధ్యలో జానెడు ఖాళీ వదిలి పెట్టండి. ఫ్రాన్సులో మోనే అనే చిత్రకారుడు రూవాన్ ఊరి చర్చి ముందు గోడను పొద్దుటి పూట, మధ్యాహ్నం, మంచులో, ఎండలో అని ముప్పైకి పైగా వేశాడు. 1895లో పారిస్‌లో అందులో ఇరవై ఒకేచోట పెట్టారు. ఒక్కటి చూస్తే అది చర్చి, ఇరవై చూస్తే అది పగటిపూట. మీ బ్యారన్ కూడా ఒక్కటిగా చూస్తే బ్యారనే. అలా ఒకే చోటును మళ్లీ మళ్లీ గీసినవి ఏమేమున్నాయో వెతకండి. చీమకుర్తి కొండలు రెండుసార్లు ఉన్నాయన్నారు, ఒకదాంట్లో కొండగా, ఇంకోదాంట్లో క్వారీ గుంటగా. గోడ వాటి చుట్టూ కట్టండి, మిగతావి వాటి మధ్య సర్దుకుంటాయి.

తేదీ తెలియని బొమ్మలకు కల్పించి రాయకండి. "సుమారు 1985" అని రాస్తే తప్పేం లేదు. ఫ్రేము వెనక అట్టకు అంటించిన పాత పేపర్ ముక్క చూడండి, చాలాసార్లు తేదీ అక్కడే దొరుకుతుంది.

వీడియో. 22 నిమిషాలు నిలబడి ఎవరూ చూడరు, అది ఇందాకటి ఇరవై నిమిషాల మనిషి మొత్తం టైము. మూడు నిమిషాలకు కోయించండి, "3 నిమిషాలు" అని తెర పక్కన రాయండి. ఎంతసేపో తెలిస్తే జనం ఆగుతారు, తెలియకపోతే దాటిపోతారు. క్రిస్టియన్ మార్‌క్లే అనే ఆయన 2010లో 24 గంటల వీడియో చేశాడు, సినిమాల్లో గడియారాలు కనిపించే ముక్కలన్నీ ఏరి, తెర మీది టైమూ మన చేతి వాచీ టైమూ ఒకటయ్యేలా కూర్చాడు. దాన్ని ఎప్పుడు వచ్చి ఎప్పుడు లేచి వెళ్లినా నష్టం లేదు. మీ నాన్నగారి మాటలు అలాంటివి కావు, మొదలూ చివరా ఉన్నవి. పూర్తి వీడియో రోజుకొకసారి, కుర్చీలు వేసి, చెప్పిన టైముకు వేయండి.

చూపించే టైము మారితే వస్తువే మారిపోతుందని నాకు నేర్పింది ఒక తోలుబొమ్మలాట పెద్దాయన. నెల్లూరులో ఒక ప్రదర్శనకు ఆయన దగ్గర రావణుడి బొమ్మ అడిగి తెచ్చి, అద్దాల ఫ్రేములో బిగించి గోడకు పెట్టాను. చాలా అందంగా పెట్టానని నా ఉద్దేశం. ఆయన పొద్దున పది గంటలకు వచ్చి కాసేపు చూసి, "ఏంది సామీ, ఈన్ని ఇట్టా గోడకు కొట్టినావు? నడిరేయి దాటినాక రావాల్సినోడు. జనం నిద్రకు తూగతా ఉండాల, అప్పుడు దరువు పడాల, అప్పుడు రావాల" అన్నాడు. వాదించలేదు నేను. ఆ సాయంత్రం ఫ్రేము విప్పి, తెల్ల పంచె అడ్డం కట్టి, వెనక బల్బు పెట్టి, హాలు లైట్లన్నీ ఆర్పి, ఆయన చేతికే ఇచ్చాం. గోడ మీద ముదురు గోధుమ రంగులో ఉన్న తోలు ఒక్కసారిగా ఎర్రగా, పచ్చగా వెలిగింది. పది నిమిషాలే. అప్పటిదాకా హాలంతా పరుగెత్తుతున్న పిల్లలు కింద కూర్చుండిపోయారు.

ఇప్పుడు ఆ క్యాలెండర్ కాగితాలు. రోజుకొక కాగితం చింపే గోడ క్యాలెండర్. ముందు పెద్ద అంకె, తిథి, నక్షత్రం, వర్జ్యం, వెనక ఖాళీ. ఆ ఖాళీలో ఆ రోజు చూసిందేదో పెన్నుతో గీశారు. అమ్మా, మీ దగ్గరున్న వాటిలో ఇవే నేను ముందు చూడాలనుకుంటాను. ఆన్ కవారా అని ఒక జపాను చిత్రకారుడు న్యూయార్కులో ఉండేవాడు. 1966 జనవరి 4న మొదలుపెట్టి చనిపోయేదాకా, దాదాపు యాభై ఏళ్లు, ఒకే రంగు పూసిన కాన్వాస్ మీద ఆ రోజు తేదీ మాత్రమే తెల్లగా రాసేవాడు. అర్ధరాత్రిలోపు పూర్తికాకపోతే చింపేసేవాడు. మీ నాన్నగారి తేదీని క్యాలెండర్ కంపెనీ ముందే వేసి ఇచ్చింది, ఆయన వెనక వైపు ఆ రోజును నింపారు. నాకైతే ఇదే బాగుంది.

ఇబ్బంది ఏమిటంటే అది నాసిరకం కాగితం. వెలుతురుకు పచ్చబడి పెళుసెక్కుతుంది. అద్దం కింద పదిరోజులు పెట్టొద్దు. అరవై కాగితాలు, పది రోజులు, అంటే రోజుకు ఆరు. ఆరు చిన్న పెట్టెలు చేయించండి, రెండు వైపులా అద్దం ఉండేవి, గోడకు కాకుండా దారాలతో వేలాడదీసేవి. ముందు అంకె కనపడాలి, వెనక్కి తిరిగితే బొమ్మ కనపడాలి. సెల్లో టేపు తగలనీయకండి, ఫోటో ఆల్బమ్‌కు వాడే మూలలు చాలు. 1990 మే తుపాను రోజుల్లో కరెంటు లేక కిరోసిన్ దీపం దగ్గర గీసినవి అయిదున్నాయన్నారు. అవి విడదీయకుండా ఒకే రోజుకు రావాలి.

ఆ ఆరు కాగితాలను రోజూ సాయంత్రం ఆరున్నరకు నాన్నగారే మార్చాలి. హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం గడియారం దగ్గర చూసే ఉంటారు. గంట కొట్టడానికి పది నిమిషాల ముందే జనం వచ్చి బెంచీల మీద కూర్చుంటారు, చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది, అంతే. మధ్యాహ్నం పన్నెండుకైతే నిలబడ్డానికి చోటుండదు. మ్యూజియంలో అంతకంటే గొప్ప వస్తువులు చాలా ఉన్నాయి, కానీ టైము చెప్పి పిలిచేది అదొక్కటే. నాన్నగారు నిన్నటి ఆరు తీసి నేటి ఆరు పెట్టడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు ఆయన చుట్టూ జనం ఉంటారు, ఏదైనా అడుగుతారు, ఆయన చెప్తారు. ఆ తర్వాత ఇంటికి తీసుకెళ్లిపోండి. 2010లో మరీనా అబ్రమోవిచ్ అనే కళాకారిణి న్యూయార్కులోని మోమా అనే ఆధునిక కళల మ్యూజియంలో ఏడువందల గంటలకు పైగా కుర్చీలో కదలకుండా కూర్చుంది, అది ఆమె కళ. 78 ఏళ్ల మాస్టారిని శాలువా కప్పి సాయంత్రమంతా కూర్చోబెట్టడం మన మొహమాటం.

హాలు వాళ్లతో పది రోజులకు, పైన మూడు రోజులకు రేటు మాట్లాడి నాకు చెప్పండి. కాగితాలకు రెండు వైపులా ఫోటోలు తీసి పెట్టుకోండి, ఫ్లాష్ లేకుండా. ముడతలు పోవాలని ఇస్త్రీ పెట్టె మాత్రం తీయకండి, ఒకాయన అలా చేసి ఇంకు మొత్తం ఇస్త్రీ గుడ్డకు ఎక్కించాడు. రెండు తెల్ల కాగితాల మధ్య ఒక్కోటి పెట్టి, మీద లావుపాటి డిక్షనరీ ఉంచి వారం రోజులు వదిలేయండి.